గడ్డి దూడ

ఉద్యోగంలో మళ్లీ చేరిన తల్లి బిడ్డకు పాలు మాన్పించకుండా ఉండాలంటే పాలు పిండే పంపు ఉందిగా అంటారు. నా అనుమానం ఆ 'ఉందిగా' మీదే. పంపు బిడ్డకు పాలు చేరుస్తోందా, తల్లీబిడ్డల్ని విడిగా ఉంచడాన్ని సులువు చేస్తోందా? 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం బిడ్డకు 15 నెలలు నిండేదాకా తల్లికి రోజుకు రెండు విరామాలిచ్చింది. బిడ్డకు పాలివ్వడానికని ఇచ్చింది, పిండుకోవడానికని కాదు. అది రాసినవాళ్ల ఊహలో బిడ్డ నాలుగడుగుల దూరంలోనే ఉంది. 2017 సవరణ కూడా 50 మంది పనిచేసే చోట క్రెష్ ఉండాలంది, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లిరావచ్చంది. చట్టం బిడ్డను దగ్గరికి రమ్మంటుంటే, పంపు రాకపోయినా ఫరవాలేదంటోంది.

ఫరవా ఎందుకో పాడి ఎరిగినవాళ్లకు తెలుసు. దూడ మూతి తగిలితే ఆవు చేపుతుంది. దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి ఆవు ముందు నిలబెట్టేవారు. మనిషి ఒళ్లూ అంతే. బిడ్డ నోరు తగిలినా, ఏడుపు వినిపించినా ఆక్సిటోసిన్ అనే హార్మోను ఊరి పాలు చేపుకొస్తాయి. కంగారు వాటిని కాసేపు ఆపేయొచ్చు. అందుకే పంపు పెట్టుకున్న తల్లి ఫోన్‌లో బిడ్డ ఫొటో చూసుకుంటుంది. పైగా సీసా మీద కొలత గీతలుంటాయి. పంపుకు బిడ్డకున్న నేర్పు లేదు కనుక సీసాలో తక్కువ పడినంత మాత్రాన తల్లికి పాలు తక్కువని కాదు. అయినా ఆ గీత చూసి ఆమె తనలోనే లోపం వెతుక్కుంటుంది. మీటింగు సాగి పాలు తీయకపోతే రొమ్ము గడ్డకడుతుంది, రోజూ ఇదే జరిగితే పాలే తగ్గిపోతాయి. తగ్గించింది పని గంటలు, మాట పడేది తల్లి.

అలాగని పసిబిడ్డను ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా పొద్దుటి మెట్రో రద్దీలో తీసుకురమ్మంటారా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ బిడ్డకు అమ్మమ్మ ఒడే నయం. పనిచోటే కదిలిపోయే బస్సు కండక్టరుకు క్రెష్ ఎక్కడ కడతారు? వీళ్లకు గడియ ఉన్న గది, ఫ్రిజ్, ఓ ఇరవై నిమిషాలు, ఇవే రేపటి పాలు. ఇక్కడ నా వాదన కుంటుతుంది. దాంతో అనుమానం పంపును వదిలి, తల్లిపాలు అమృతమన్న పొగడ్త మీదికి మళ్లుతుంది. అమృతం కలశంలో పట్టే వస్తువు, ఎవరు పోసినా అమృతమే. అలా పొగిడాక, తల్లి ఎక్కడున్నా కలశం ఇల్లు చేరితే చాలనిపిస్తుంది. చేపు కలశంలో పట్టదు.

నా పోలికలోనూ ఒక తప్పుంది. గడ్డి దూడను నిలబెట్టేది పాలు కావలసినవాడు, మోసపోయేది ఆవు. ఫొటో మాత్రం తల్లి తానే తీసి చూసుకుంటుంది, అది బిడ్డ కాదని తెలిసీ చూసుకుంటుంది. ఆమె ఓర్పును ఆఫీసు తన ఔదార్యం కింద జమకట్టుకోకపోతే అదే పదివేలు.