మౌనం ఎవరి అంగీకారం?

మౌనం అర్ధాంగీకారం అన్నారు మనవాళ్ళు. పూర్తి అంగీకారం అనలేదు. నోరు విప్పని మనిషి సగం ఒప్పుకున్నాడు సరే, తక్కిన సగం మాటేమిటి? పదిమంది కలిసి, జీతం లేకుండా, యజమాని లేకుండా ఒక పని నడుపుకోవాలనుకున్న ప్రతిచోటా ఈ ప్రశ్న ఎదురవుతుంది. సంగారెడ్డి జిల్లా దాన్ని కనీసం రెండు వేల ఏళ్లుగా చూస్తోంది.

జిల్లాలోని కొండాపూర్‌లో పెద్ద మట్టిదిబ్బలున్నాయి. 1940లలో నిజాం పురావస్తు శాఖ వాటిని తవ్వితే శాతవాహనుల నాటి పట్టణం బయటపడింది. నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు, వాటితోపాటు బౌద్ధ కట్టడాల పునాదులు దొరికాయి. కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియం ఇప్పటికీ అక్కడే ఉంది. దానికి వెళ్ళేవాళ్ళు నాణేలు చూసి అబ్బురపడతారు. అంతకంటే అబ్బురపడాల్సింది అలాంటి చోట్ల బతికిన భిక్షుసంఘం తనను తాను పాలించుకున్న తీరు. బుద్ధుడు వారసుణ్ణి నియమించకుండా వెళ్ళిపోయాడు. సంఘానికి పెద్దగా ఒక మనిషి లేడు, ఉన్నది వినయపిటకమనే నియమావళి.

వినయం ప్రకారం ఏ నిర్ణయానికైనా ముందు ఒక సీమ, అంటే హద్దు, ఉండాలి. ఆ సీమలో ఉన్న భిక్షువులందరూ ఒకచోట కూర్చోవాలి. సమర్థుడైన ఒకరు ప్రతిపాదనను వినిపిస్తారు. పెద్ద విషయమైతే దాన్ని మూడుసార్లు చదువుతారు. ఒప్పుకున్నవాళ్ళు ఊరుకోవచ్చు, ఒప్పుకోనివాళ్ళు మాట్లాడాలి. మూడోసారికీ ఎవరూ మాట్లాడకపోతే సంఘం ఒప్పుకున్నట్టే. భేదాభిప్రాయం తెగకపోతే శలాకలు, అంటే చిన్న కర్రపుల్లలు పంచి, ఎటు ఎక్కువమంది ఉన్నారో లెక్క చూసే పద్ధతీ ఉంది.

ఇక్కడ మౌనం పూర్తి అంగీకారమే. కానీ దానికి ముందు పెట్టిన షరతు చూడాలి. జబ్బుపడి రాలేని భిక్షువు తన సమ్మతిని మరొకరి ద్వారా పంపాలి. పాలీలో దీన్ని ఛంద అంటారు. అదీ పంపలేని స్థితిలో ఉంటే అతణ్ణి మంచంతో సహా సభకు మోసుకురావాలి. కదిలిస్తే ప్రాణానికి ముప్పనుకుంటే సంఘమంతా లేచి అతని మంచం దగ్గరికి వెళ్ళాలి. అతణ్ణి వదిలేసి, అరకొర సంఘంతో పని కానివ్వడానికి వీల్లేదు.

ఒక్క మనిషి మౌనానికి విలువ కట్టడానికి ఇంత శ్రమ!

ఇప్పుడు అదే కొలతతో ఈ కాలపు సంఘాన్ని చూడాలి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దానికి అంకురార్పణ చేసింది వెన్న నాగార్జున. నేడది లక్ష వ్యాసాలు దాటింది. నూరేళ్ల కిందట కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలకెత్తుకుని, అకారం దగ్గరే ఉండగా 1923లో కన్నుమూశారు. ఒక మహానుభావుడి ఆయుష్షుతో ముడిపడ్డ పని అక్కడ ఆగిపోయింది. వికీపీడియా పని ఒకరి ఆయుష్షు మీద ఆధారపడదు. రాసేవాళ్ళు వస్తారు, పోతారు, పేజీ ఉంటుంది. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా ఏర్పడ్డాక ఊరూరి పేజీలో మండలం, జిల్లా మార్చి, ఇదివరకు ఈ ఊరు మెదక్ జిల్లాలో ఉండేదని ఒక వాక్యం చేర్చినవాళ్ళకు ఎవరూ పైసా ఇవ్వలేదు. పేజీ నెత్తిన వాళ్ళ పేరూ ఉండదు. రాసిన వాక్యం అందరిదీ అయిపోతుంది. దాన్ని వెనక్కి తీసుకునే హక్కును రాసినవాళ్ళు ముందే వదులుకుంటారు. మన పెద్దలు ఇచ్చినదాన్ని తిరిగి లాక్కోవడాన్ని దత్తాపహారమని, పాపమని అన్నారు. ఈ సంఘం ఆ పాపానికి తావే లేకుండా లైసెన్సులో రాసుకుంది.

అక్కడి చర్చా వేదికకు పెట్టుకున్న పేరు రచ్చబండ. ఇంతకంటే చక్కని పేరు దొరకదు. అసలు రచ్చబండకు ఒక గుణముంది. ఊరి మధ్య, చెట్టు కింద ఉండటంతో ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో అందరికీ కళ్ళముందే కనిపిస్తుంది. రానివాడి సంగతి ఎవరో ఒకరు అడుగుతారు. తెరమీది రచ్చబండకు ఆ కళ్ళు లేవు. ఒకరు ప్రతిపాదన పెడతారు, ఇద్దరు ముగ్గురు సరే అంటారు, వారం గడుస్తుంది, పని అమలవుతుంది. తక్కినవాళ్ళు చూసి ఊరుకున్నారా, అసలు చూడనే లేదా? ఈ రెండు మౌనాలూ ఒకేలా కనిపిస్తాయి. ఒకదాన్ని ఇంకొకటిగా లెక్కగట్టడమే ఉమ్మడి పాలనలో జరిగే మొదటి తప్పు.

దాని ఫలితం తెలుగు వికీపీడియా ఒకసారి అనుభవించింది. 2010 ప్రాంతంలో గూగుల్ అనువాద పరికరంతో తయారైన వ్యాసాలు వందల కొద్దీ వచ్చి పడ్డాయి. పెద్ద పెద్ద వ్యాసాలు. సంఖ్య చూస్తే ముచ్చటేసేది, చదవబోతే కొరుకుడుపడేది కాదు. చేర్చినవాళ్ళలో చాలామంది ఆ సంఘంలో కలిసి మెలిగినవాళ్ళు కారు, చర్చకు వచ్చి జవాబు చెప్పినవాళ్ళూ కారు. వాటిని దిద్దాలా, తీసేయాలా అన్న చర్చ ఏళ్లకేళ్లు సాగింది. చివరికి ఆ చెత్తను ఎత్తిపోసిన చేతులు ఇక్కడి కొద్దిమంది స్వచ్ఛంద సేవకులవే. అడగకుండా చేసిన మేలు ఎంత బరువో వాళ్ళను అడిగితే తెలుస్తుంది.

ప్రపంచ స్థాయిలో ఈ సమస్య ఇంకా పెద్దది. వికీపీడియాను మూడు వందలకు పైగా భాషల్లో ఎవరికి వారు నడుపుకుంటారు. సర్వర్లు, విరాళాలు, చట్టం ముందు జవాబుదారీ మాత్రం అమెరికాలో నమోదైన వికీమీడియా ఫౌండేషన్‌వి. ఈ రెంటి మధ్య అధికారాన్ని ఎలా పంచుకోవాలో తేల్చడానికి ఏళ్ల తరబడి చర్చించి, ఒక ఉద్యమ పత్రం రాశారు. స్వచ్ఛంద సేవకులకు పాలనలో భాగమిచ్చే ప్రపంచ మండలి ఒకటి ఉండాలన్నది అందులోని ముఖ్యాంశం. 2024 జూన్, జులైలలో ఓటింగు జరిగింది. తటస్థులను పక్కన పెడితే, ఓటేసిన వ్యక్తుల్లో సుమారు 73 శాతం, అనుబంధ సంస్థల్లో అంతకంటే ఎక్కువమంది ఔనన్నారు. ఫౌండేషన్ ధర్మకర్తల మండలి కాదంది. పత్రం ఆగిపోయింది.

ధర్మకర్త అన్న మాట మనకు గుడి దగ్గర తెలుసు. మాన్యం స్వామిది, ధర్మకర్త దానికి కాపలా. కాపలా ఉన్నందుకు భయపడే హక్కు, జాగ్రత్తపడే హక్కు అతనికి ఉంటాయి. డబ్బుకూ కేసులకూ జవాబు చెప్పాల్సిన మండలి తొందరపడకపోవడం తప్పు కాదు. కానీ తన అధికారంలో ఎంత వదులుకోవాలన్న ప్రశ్నకు ఆఖరి జవాబు తానే చెప్పుకోవడం ధర్మకర్తకు తగదు. మరోవైపు, ఓటేయనివాళ్ళ సంగతీ చూడాలి. నెలనెలా దిద్దుబాట్లు చేసేవాళ్ళు లక్షల్లో ఉంటే ఓటేసింది రెండున్నర వేలకు లోపే. తక్కినవాళ్ళ మౌనాన్ని ఎవరి పద్దులో రాయాలి? ఆ మంచాల దగ్గరికి ఎవరు వెళ్ళారు?

సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరులోనే ధర్మకర్తృత్వానికి మంచి నమూనా ఉంది. 1972లో ఏర్పడిన అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ జన్యునిధిలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాల విత్తనరకాలు 1,20,000కు పైగా ఉన్నాయి. ఎన్నో దేశాల రైతుల చేలనుంచి వచ్చినవి. 1994లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ విత్తనాలకు ఇక్రిశాట్ యజమాని కాదు, ప్రపంచం తరఫున ధర్మకర్త మాత్రమే. వాటిమీద మేధాహక్కులు కోరనని మాటిచ్చింది. అధికారం మీద ముందే గీత గీసుకుని, ఆ గీతను బయటివాళ్ళ ఎదుట గీసుకోవడం అందులోని గొప్ప.

అదే పటాన్‌చెరులో ఇంకో వాస్తవం ఉంది. స్వీడన్ శాస్త్రవేత్తలు ఇక్కడి ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించారు. సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని 2007లో ప్రచురించారు. ప్రపంచమంతా ఆ అంకెను చదివింది, యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవుల గురించిన చర్చల్లో పటాన్‌చెరు పేరు స్థిరపడిపోయింది. అది ఇంగ్లిషులో అచ్చయింది. అక్కడి నక్కవాగు ఒడ్డున పొలమున్న మనిషికి తన నీళ్ళ గురించిన ఆ జ్ఞానం తన మాటల్లో అందాలంటే మధ్యలో ఎవరో ఒకరు కూర్చుని తెలుగులో రాయాలి. పాశమైలారం పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి, బస్సు పట్టుకుని, గదికి చేరి, వండుకు తినే కార్మికుడికి ఆ తీరిక ఎక్కడిది? స్వచ్ఛంద సంఘాల్లో ఓటుకంటే ముందు కావలసింది తీరిక. తీరిక ఉన్నవాళ్ళే రాస్తారు, రాసేవాళ్ళే చర్చిస్తారు, చర్చించేవాళ్ళే నియమాలు పెడతారు. ఎవరి దురుద్దేశమూ లేకుండానే పాలన కొద్దిమంది చేతుల్లోకి జారుకుంటుంది. నిష్కామకర్మను మెచ్చుకునే మనం, ఆ కర్మకు కూడా తిండి, నిద్ర తీరిన ఒంట్లో మిగిలిన గంట కావాలన్నది మరిచిపోతాం.

ఇందుకు జవాబు ఈ జిల్లాలోనే ఒకసారి దొరికింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. చుట్టుపక్కల ఊళ్ళ దళిత మహిళారైతులు సంఘాలు కట్టుకున్నారు. వాళ్ళు వాడే మాటా అదే, సంఘం. విత్తనాలు ఇంట్లో దాచి, ఒకరికొకరు ఇచ్చుకుని, పంట వచ్చాక ఎక్కువ కలిపి తిరిగిచ్చే పద్ధతిని నిలబెట్టారు. 2008లో మాచునూరులో సంఘం రేడియో పెట్టుకుని తమ మాట తామే వినిపించారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

2001లో అదే ప్రాంతంలోని అల్గోల్‌లో ప్రజాతీర్పు పేరుతో ఒక విచారణ జరిగింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ భవిష్యత్తు ఎలా ఉండాలన్నది విచారణాంశం. తీర్పరుల్లో ఎక్కువమంది చిన్న, సన్నకారు రైతులు, వారిలోనూ ఆడవాళ్ళే ఎక్కువ. అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీవాళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పారు. తీర్పరులు ప్రశ్నలు వేశారు. సేద్యం మీద బతికేవాళ్ళను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించే ప్రభుత్వ ఆలోచన తమకు వద్దన్నారు. ఆ తీర్పు మంచిచెడ్డల మీద వాదాలుండొచ్చు. జరిగిన తీరు మాత్రం వినయపిటకానికి నచ్చేది. సంఘం మంచం దగ్గరికి వెళ్ళింది. రాజధాని హాల్లోకి ఆ తల్లులను పిలిచి, అర్థంకాని భాషలో కూర్చోబెట్టి, మాట్లాడలేదు గనక ఒప్పుకున్నారని ఎవరూ రాసుకోలేదు.

జ్ఞానాన్ని ఉమ్మడిగా పోగుచేసే సంఘాలు నేర్చుకోవాల్సింది ఈ పద్ధతే. నియమం మారేటప్పుడు రచ్చబండలో రాసి ఊరుకోకుండా, దానివల్ల పని మారేవాళ్ళను పేరుపేరునా అడగాలి. ప్రపంచ పత్రాన్ని ముందు తెలుగులో, అలాగే సంతాలీలో, తుళులో చదవనిచ్చి ఆ తర్వాత గడువు పెట్టాలి. జవాబు రాకపోతే దాన్ని అంగీకారం కింద కాక, అడగాల్సిన పని మిగిలిందని రాసుకోవాలి. నిర్ణయాలు నెమ్మదిస్తాయి. మంచం మోసే సంఘం నడక నెమ్మదిగానే ఉంటుంది మరి.

చదివేవాళ్ళకూ ఇందులో పాలుంది. ఇస్నాపూర్, కంది, సదాశివపేట, ఝరాసంగం... మీ ఊరు ఏదైనా తెలుగు వికీపీడియాలో దాని పేజీ తెరిచి చూడండి. చెరువు పేరు తప్పుంటే దిద్దండి. పేజీ పైన చర్చ అని ఉంటుంది, నొక్కండి. అక్కడ మీ ఊరి గురించి ఎవరో ఒక ప్రశ్న వేసి ఉంటే జవాబు రాయండి. రచ్చబండలో ప్రతిపాదన కనిపిస్తే ఔననో కాదనో ఒక్క ముక్క చెప్పండి.