హంతలేని హింస

గొఱ్ఱె రక్తము కలిపిన అగారు పళ్లెముపై స్టఫిలోకాకస్ ఆరియస్ అను సూక్ష్మజీవిని పూసి, ఒక రాత్రి వెచ్చగా ఉంచి తీసి చూచినచో, పసుపువన్నె గల చిన్న బిందువులును, ప్రతి బిందువు చుట్టును రక్తపు ఎఱుపు హరించి తేటపడిన వలయమును కనబడును. ఆ వలయము చూడముచ్చటగా నుండునని చెప్పుటకు కొంచెము సంకోచము కలుగును గాని, ఉండుట నిజమే. అచ్చట రక్తకణములు పగిలినవి.

కణమును చుట్టియున్న పొర స్నేహద్రవ్యముల రెండు వరుసలచే నేర్పడి, సుమారు 5 నానోమీటర్ల మందము మాత్రమే కలిగి, లోపలి నీటిని వెలుపలి నీటినుండి వేఱుపఱచుచున్నది. సూక్ష్మజీవి విడిచిన ఆల్ఫా టాక్సిన్ అను ప్రోటీను నీటిలో ఒంటరిగా తిరుగుచు, ఆ పొరను చేరినపిదప తనవంటి మఱి యాఱింటితో కూడి చక్రాకారము దాల్చి, ఒక్కొక్కటియు తనలో ముడుచుకొనియున్న పోగును చాపగా, ఏడును కలిసి పొర నీవలినుండి యావలికి ఒక గొట్టము నిలుపును. మిక్కిలి యిఱుకైనచోట దాని వెడల్పు 1.4 నానోమీటర్లు. ఆ దారిని పొటాసియము వెలికిని కాల్షియము లోనికిని పాఱును. రక్తకణమైనచో నీరు త్రాగి ఉబ్బి పగులును. ఈ కూర్పునకు సూక్ష్మజీవి శక్తి ఇసుమంతయు వ్యయము కాదు. విషమును విడిచిన పిమ్మట అది మరణించినను పని ఆగదు.

ఇందు హంత యెవ్వరు? బౌద్ధులు చేతననే, అనగా సంకల్పమునే, కర్మమనిరి. జైనాచార్యుడైన ఉమాస్వాతి ప్రమత్తయోగముచే, అనగా ఏమఱుపాటుతోడి వ్యాపారముచే, కలిగిన ప్రాణవియోగమునే హింస యని నిర్వచించెను. ఈ రెండు కొలతలకును టాక్సిన్ నిర్దోషియే. దోషమును సృష్టికర్తపై మోపుదమన్నచో, వైషమ్య నైర్ఘృణ్యముల, అనగా ఈశ్వరునకు పక్షపాతమును నిర్దయయు కలవను, శంకను బ్రహ్మసూత్రకారుడు తానే పరిహరించి, ఈశ్వరుడు జీవుల కర్మమును అపేక్షించియే సృష్టించునని చెప్పియున్నాడు. వాన అన్ని పైరులకును సాధారణ కారణమైనను, వరి వరిగాను యవలు యవలుగాను మొలచుటకు ఆయా బీజములే కారణమని శంకరులు దీనిని దృష్టాంతపూర్వకముగా వివరించిరి. తర్కమున ఈ సమాధానమును కదల్చుట కష్టము. కాని ఇదే సూక్ష్మజీవివలన ఊపిరితిత్తులు చెడి మంచముపై ఎగశ్వాసతో నున్న బిడ్డను చూపి, బీజమే అట్టిదని తల్లితో అనగలవారెవరు? ప్రకృతికి దయయు క్రౌర్యమును రెండును లేవని చెప్పి లేచిపోవు విజ్ఞానవేత్త మాటయు ఆ తల్లికి అంతకన్న ఉపకరింపదు.

నాకు తోచినంతవరకు, విషము నెందుకు సృజించితివని అడుగుటలోనే మన పొరపాటున్నది. మన దేహమందలి సంహారక లింఫోకణములు, వైరస్ సోకిన కణమును పట్టుకొని, పర్ఫోరిన్ అను ప్రోటీనుతో దాని పొరకు ఇట్టి రంధ్రములనే పొడిచి చంపుచున్నవి. పర్ఫోరిన్ వర్గపు ప్రోటీనుల ఆకృతి 2007లో బయటపడినపుడు, అది స్ట్రెప్టొలైసిన్ మొదలగు సూక్ష్మజీవి విషములలోని మడతయే యని తేలినది. కాబట్టి దుష్టత్వము రంధ్రమునందు లేదు, రంధ్రము చేయు పదార్థమునందును లేదు. హద్దు గీచికొనక జీవము లేదు; హద్దున్నంతకాలము దానిని ఛేదించుటయు, ఛేదనముచే దానిని కాపాడుకొనుటయు తప్పవు. ఈశ్వరుని నిలదీయదలచినవారు హద్దు గల జీవమునే యేల కల్పించితివని నిలదీయవలెను. ఆ ప్రశ్నకు నేను చదివిన ఏ దర్శనమునందును తృప్తికరమైన ఉత్తరము కనబడలేదు.

ఛేదనమే లేని దేహము మేలని తలచువారికి ఒక్క విషయము చెప్పవలసియున్నది. పర్ఫోరిన్ జన్యువు యొక్క రెండు ప్రతులును చెడి పుట్టు శిశువులు కొందఱు కలరు. వారి లింఫోకణములు శత్రుకణమును పట్టుకొనును గాని పొడవజాలవు. పోరు ముగియక, అది రేపిన మంట వారి కాలేయమునకును మజ్జకును వ్యాపించును. మూలకణముల మార్పిడి జరుగనిచో, వారిలో పెక్కురు పసితనముననే మరణింతురు.