మోకాలి నొప్పికి కులముందా?

మోకాలి గురించి మాట్లాడుతూ కులం మాటెత్తితే, మోకాలికీ బోడిగుండుకీ ముడేస్తోంది అంటారు. ముడి నేను వెయ్యలేదు. నేను పుట్టకముందే ఎవరో వేశారు. అది ఎట్టా పడిందో చూడమంటున్నాను, అంతే.

మాది మంగినపూడి పక్కన మాలపల్లె. సముద్రం ఒడ్డున కూడా నల్లమట్టి కాళ్ళకంటుకునే నేల. నాట్ల కాలంలో మా అమ్మ పొద్దుట్నించి మాపటిదాకా బురదలో వంగి ఊడ్చేది. రాత్రికి మోకాళ్ళకి ఆవదం రాసి, ఇటుక వేడిచేసి కాపడం పెట్టుకునేది. దాన్ని ఎవరూ గాయం అనలేదు. ‘పనిచేసే ఒళ్ళు, నొప్పులుండవా’ అన్నారు. అమ్మ కూడా అదే అనుకుంది.

నేను హాస్టల్లో ఉండి చదువుకుంటూ జూడో నేర్చుకున్నాను. 1882లో టోక్యోలో జిగోరో కానో ఈ ఆటకి రూపమిచ్చాడు. ఆయన కూడా ఉపాధ్యాయుడే. జూడోలో ముందు నేర్పేది పడెయ్యడం కాదు, దెబ్బ తగలకుండా పడటం. ఇంకోటి, ఆటకి ముందూ తర్వాతా ఇద్దరూ ఒకరికొకరు వంగి నమస్కరించాలి. నాకది వింతగా తోచింది. మా పేటలో వంగడం ఎప్పుడూ ఒకవైపే. మా తాత కామందు అరుగు కింద గొంతుక్కూర్చునేవాడు, అరుగుమీది మనిషి వంగేవాడు కాదు. నాకెదురుగా ఒకరు వంగడం మొదటిసారి చూసింది ఆ మ్యాట్ మీదే.

ఇంటర్ చదివేటప్పుడు ఒక పోటీలో ఎదుటి పిల్ల కాలు అడ్డేసి తోసింది. నా పాదం మ్యాట్‌కి అతుక్కుపోయింది, ఒళ్ళు పక్కకి తిరిగింది. మోకాల్లో టప్పుమని శబ్దమైంది. గంటలో కుండలా వాచింది. ఎక్స్‌రే తీసి ఎముక బాగానే ఉందన్నారు. ఎముక బాగానే ఉంది. తెగింది లిగమెంట్, తొడ ఎముకనీ కాలి ఎముకనీ లోపల కట్టి ఉంచే పట్టీ. అది ఎక్స్‌రేలో కనపడదు, ఎమ్మారై తియ్యాలి. ఆ ముక్క చెప్పినవాళ్ళు లేరు. ఇంటికాడ పుత్తూరు కట్టు కట్టించారు. విరిగిన ఎముక అతుక్కుంటది. పూర్తిగా తెగిన ఈ పట్టీ మాత్రం కట్టుతో అతకదు. ఆపరేషన్ చేసి వేరేచోట నరం తీసి వెయ్యాలి, ఆ తర్వాత నెలల తరబడి కసరత్తు చేయించాలి. అదేదీ లేకుండా తిరిగితే మోకాలు మాటిమాటికీ జారి, లోపలి మెత్తలు నలిగి, వయసు రాకుండానే కీలు అరిగిపోవచ్చు. నాకిప్పుడు జరుగుతున్నది అదే.

ఈ గాయం మ్యాట్ మీద కన్నా ఇంట్లోనే ఎక్కువ బాధపెడుతుంది. నేలమీది దొడ్డిలో కూర్చోలేను. బస్సు ఫుట్‌బోర్డు ఎత్తుగా ఉంటే మంచి కాలు ముందు వెయ్యాలి. వరస పీరియడ్లు నిలబడి పాఠం చెప్పిన రోజు మెట్లు దిగాలంటే గోడ కావాలి. గుళ్ళో అందరూ మోకాళ్ళూని ప్రార్థన చేస్తుంటే నేనొక్కదాన్నే నిలబడతాను. నొప్పి కన్నా భయం ఎక్కువ, ఎక్కడ జారి పడతానో అని. మెడల్ తెచ్చినప్పుడు ‘మా పిల్ల’ అన్న నోళ్ళే, సంబంధాలు చూసేనాటికి ‘కుంటిపిల్ల’ అన్నాయి.

1994లో మోకాలి లిగమెంట్ తెగిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. 2016 రియోలో మోకాలు దెబ్బతిని స్ట్రెచర్ మీద వెళ్ళిన వినేశ్ ఫోగట్ 2024 పారిస్‌లో ఫైనల్ దాకా వెళ్ళింది. వాళ్ళ పట్టుదలకి దండం. అయితే ‘పట్టుదలుంటే మోకాలు అడ్డమా’ అని మా పిల్లలకి చెప్పేవాళ్ళని ఒకటడుగుతాను. తెగిన లిగమెంట్ పట్టుదలతో అతుకుతుందా? ఆపరేషనూ, కసరత్తు చేయించే మనిషీ, ఆ నెలల్లో తిండీ వద్దా?

‘ఇష్టపడే ఆడావుగా’ అంటారు. ఇష్టపడ్డాను. ఏం తెగుతుందో, తెగితే ఎవరు చూస్తారో చెప్పకుండా తీసుకున్న ఒప్పుకోలు సగం ఒప్పుకోలే. పేరు హాస్టల్‌దీ, జిల్లాదీ, అందరిదీ అయినప్పుడు మోకాలు నా ఒక్కదానిది ఎట్టా అయింది? ‘మనకెందుకే ఆటలు, చదువుకోక’ అంటది అమ్మ. అది కూడా ఒప్పుకోను. తరతరాలుగా మా ఒళ్ళు ఊరి పనికే. మా ఒళ్ళు మా సంతోషానికి కదిలింది ఆటలోనే. దెబ్బ తగులుతుందని ఆ సంతోషం కూడా వదులుకోమంటే ఎట్టా?

ఇప్పుడు అసలు ముడి. ఊళ్ళో ఒక మీటింగులో అందరూ కింద కూర్చున్నారు, పెద్దలు నలుగురు కుర్చీల్లో ఉన్నారు. నేనో కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ‘మాలపల్లె టీచరమ్మకి నేల ఆనదు గామాలు’ అన్నాడొకాయన. మోకాలు బాగోలేదని ఒక్క మాట అంటే జాలిపడి ఊరుకునేవాడు. అనలేదు. ఆ నాలుగు కుర్చీల్లో ఉన్నవాళ్ళ మోకాళ్ళ సంగతి ఎవరూ అడగలేదు కదా. నొప్పి చూపించి తెచ్చుకున్న కుర్చీ, నొప్పి తగ్గితే వెనక్కిచ్చెయ్యాల్సిందే. మా అమ్మ మోకాళ్ళు నాకన్నా ముందే అరిగాయి. ఆమె ఏ వాకిట్లోనూ కుర్చీ అడగలేదు. అడగొచ్చని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

లిగమెంట్‌కి కులం లేదు. ఎవరికి తెగినా ఒకేలా తెగుతుంది. తెగాక ఎవరి నొప్పిని గాయమంటారు, ఎవరి నొప్పిని అలవాటంటారు అన్న లెక్కలో ఉంది కులం.

2025 జూన్‌లో మంగినపూడి బీచ్‌లో మసులా ఫెస్టివల్ పెట్టి ఇసకలో కబడ్డీ ఆడించారు. మా బడిపిల్లలు ఆటలంటే ఎగురుతున్నారు. ఎగరనీ. గెంతి ఎట్టా దిగాలో, మోకాలు లోపలికి పోకుండా ఎట్టా వంగాలో రోజూ కాసేపు నేర్పితే ఈ గాయాలు తగ్గుతాయి. ఆడపిల్లలకి ఇది మరీ అవసరం, మగపిల్లలకన్నా వాళ్ళకే ఈ లిగమెంట్ ఎక్కువ తెగుతుంది. దానికి ఖర్చేమీ లేదు. ఖర్చయ్యేది తర్వాత. పిల్లని పోటీకి పంపే కాయితం మీద తల్లిదండ్రుల సంతకం అడుగుతారు. దాని కిందే, దెబ్బ తగిలితే మోకాలు బాగయ్యేదాకా మేం చూస్తామని పంపేవాళ్ళు కూడా సంతకం పెట్టాలి. ఆ రెండో సంతకం లేని కాయితం మీద మన పిల్లల పేరు రాయొద్దు.