సరిపోయినట్లుండి సరిపోని కీ

ధ్యాన వాక్యములు: గలతీయులకు 6:1, యోబు 2:11–13, 2 సమూయేలు 12:1–13, అపొస్తలుల కార్యములు 18:24–26



ఒకప్పుడు మన గ్రామ సంఘములలో హార్మోనియము, డోలకు, తాళములతోనే ఆరాధన జరుగుచుండెను. నేడు నిజామాబాదు పట్టణములోను, బోధన్ చుట్టుపట్ల చెరకు పల్లెలలోను ఎలక్ట్రిక్ గిటారు మ్రోగు మందిరములు కలవు. మన యౌవనులు దానిని నేర్చుకొని దేవుని స్తుతించుచున్నందుకు మేము సంతోషించుచున్నాము. ఈ నెల ఆ వాద్యములోని మిక్కిలి చిన్న వస్తువు నొకదానిని గూర్చి మీతో చెప్పగోరుచున్నాము. వస్తువు చిన్నదే గాని అది నేర్పు పాఠము చిన్నది కాదు.

గిటారు తీగలు బ్రిడ్జి అను లోహపు భాగముమీద ఆనుకొనియుండును. ఒక్కొక్క తీగ క్రింద శాడిల్ అను చిన్న పీట యుండును. 1954లో వెలువడిన స్ట్రాటోకాస్టర్ అను గిటారులో ఇట్టి పీటలు ఆరు, ఒక్కొక్కదానికి ఎత్తు సరిచేయు స్క్రూలు రెండేసి, వెరసి పండ్రెండు. నేటి గిటారులలో అనేకము ఆ మాదిరినే అనుసరించుచున్నవి. ఆ స్క్రూ లోపల ఆరు మూలల గుంట యుండును. అందులో ఎలన్ కీ పెట్టి త్రిప్పవలెను. వాయించువాని చేతి చెమట, వానకాలపు చెమ్మ తగిలి ఆ స్క్రూలు త్రుప్పు పట్టి బిగిసికొనును.

అయితే స్క్రూలను త్రుప్పుకంటె ఎక్కువగా చెరుపునది మరియొకటి కలదు. అమెరికాలో చేసిన గిటారులకు అంగుళముల కొలత, ఆసియా దేశములలో చేసినవాటికి తరచుగా మిల్లీమీటర్ల కొలత. ఒక అంగుళములో పదునారవ వంతు గుంటకు 1.5 మిల్లీమీటర్ల కీ దూరును. తేడా మిల్లీమీటరులో పదియవ వంతైనను లేదు. దూరినది గదా యని బలముగా త్రిప్పినయెడల లోపలి మూలలు అరిగి గుంట గుండ్రనగును. తరువాత సరియైన కీ తెచ్చినను పట్టు దొరకదు. పెద్ద కీ గుంటలోనికి పోనేపోదు, గనుక హాని చేయదు. మిక్కిలి చిన్నది ఊరక తిరుగును. సరిపోయినట్లుండి సరిపోనిదే స్క్రూను పాడుచేయును.

ప్రియులారా, సంఘములో ఒకరినొకరు సరిదిద్దుకొను విషయములోను ఇట్లే జరుగుచున్నది.

మొదటిది, మాట సత్యమైతే చాలదు, సమయమునకు సరిపడవలెను. యోబు స్నేహితులను చూడుడి. వారు ఏడు దినములు, ఏడు రాత్రులు అతనితోకూడ నేలమీద మౌనముగా కూర్చుండిరి. అది చాల మంచిది. నోరు తెరచిన తరువాతనే చెరిపిరి. వారి మాటలన్నియు అబద్ధములా? కావు. ఎలీఫజు పలికిన మాటను పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో లేఖనముగా ఎత్తి చెప్పెను. అయినను దేవుడు కడపట ఆ స్నేహితులమీద కోపించెను. మాట లేఖనమే, యోబు గాయమునకు మాత్రము అది తగలేదు.

మన ప్రాంతములో దీనిని చూచియున్నాము. 1937లో బోధన్‌లో స్థాపింపబడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినప్పుడు ఎన్ని కుటుంబములు దిక్కుతోచక నిలిచెనో మీకు తెలియును. జీతము ఆగిన తండ్రి యింటికి పోయి, కూర్చుండక మునుపే "అన్నియు మేలుకొరకే" అని పలికి లేచివచ్చుట ఓదార్పు కాదు. ఆ వాక్యము సత్యమే. గాని మొదట అతని ప్రక్కను కూర్చుండి, పిల్లల ఫీజు సంగతి, అప్పు సంగతి వినవలసియుండెను. వినక త్రిప్పిన వాక్యము హృదయపు మూలలను అరుగజేయును. మరునాడు మరియొకడు అదే వాక్యమును ప్రేమతో తెచ్చినను అక్కడ పట్టు దొరకదు.

రెండవది, ఎదుటివాని కొలత తెలిసికొనవలెను. నాతాను దావీదు నొద్దకు వచ్చి మొదటనే పాపమును పేరుపెట్టి పలుకలేదు. దావీదు గొఱ్ఱెలు కాచినవాడని యెరిగి, బీదవాని యొక్క చిన్న గొఱ్ఱెపిల్ల కథ చెప్పెను. ఆ కథ దావీదు హృదయములో సరిగా కూర్చుండెను. పిమ్మట ఒక్క మాటతోనే అతడు తిరిగెను.

మూడవది, మొదట మన కీ కొనను చూచుకొనవలెను. ఎలన్ కీ సయితము వాడగా వాడగా మూలలు అరుగును. అరిగిన కీ క్రొత్త స్క్రూను కూడ చెరుపును. తెలిసిన పనివారు ఆ అరిగిన కొనను కొంచెము అరగదీసి తీసివేయుదురు, అప్పుడు మరల పదునైన మూలలు వచ్చును. కాపరులమును పెద్దలమునైన మేము ఏండ్ల తరబడి అవే గద్దింపులు, అవే సలహాలు చెప్పుచుందుము. అందుకే పౌలు గలతీయులకు వ్రాయుచు, తప్పిపోయినవానిని సాత్వికముతో సరిదిద్దుమని చెప్పి, వెంటనే సరిదిద్దువాడు తన్నుతాను చూచుకొనవలెనని హెచ్చరించెను. అక్కడ సరిదిద్దుట అను గ్రీకు మాటయు, మార్కు సువార్తలో జెబెదయి కుమారులు వలలు బాగుచేసికొనుచుండిరని చెప్పిన మాటయు ఒక్కటే. వలను బాగుచేయువాడు దానిని చింపడు.

నాలుగవది, మరుగున చేయవలెను. పూర్వము కర్మాగారములలో స్క్రూ తలలు పైకి పొడుచుకొని యుండి, తిరుగుచున్న యంత్రములలో పనివారి బట్టలను పట్టి లాగి వారిని గాయపరచుచుండెను. ఆరు మూలల గుంటను లోపల దాచిన స్క్రూ వలన ఆ అపాయము తగ్గెను. 1910లో అట్టి స్క్రూలు చేయు పద్ధతికి పేటెంటు పొందిన విలియం ఆలెన్ పేరే ఆ కీకి నిలిచినది. అకుల ప్రిస్కిల్లలు అపొల్లో బోధలోని కొరతను సమాజమందిరములో అందరియెదుట ఎత్తిచూపక, అతనిని చేర్చుకొని దేవుని మార్గమును మరి పూర్తిగా విశదపరచిరి. సంఘమంతటి యెదుట గద్దింపబడి, గిటారు గోడకు ఆనించి వెళ్లిపోయి మరల రాని యౌవనుడు మీ ఊరిలో ఉన్నాడా? అతడు చేసిన తప్పు నిజమే కావచ్చును. గాని త్రిప్పిన చేయి ఎట్టిదో కూడ ఆలోచించుడి.

ఇప్పటికే అరిగిపోయిన స్క్రూ సంగతి ఏమి? దానికిని నిరీక్షణ యున్నది. సూదితో గుంటలోని మురికి తీసి, ఒక చుక్క నూనె వేసి, రాత్రి యంతయు విడిచి, తెల్లవారి సరియైన క్రొత్త కీతో మెల్లగా ప్రయత్నింపవలెను. బలము పనికిరాదు, ఓర్పు పనికివచ్చును. పీట స్క్రూ పూర్తిగా చెడినను మరియొకటి కొని పెట్టవచ్చును. గాని గిటారు మెడలో ట్రస్ రాడ్ అను ఇనుప కడ్డీ యుండును. ఆరు తీగలు కలిసి సుమారు 45 కిలోల బలముతో లాగుచుండగా మెడ వంగకుండ కాచునది అదే. దాని నట్టు చెడినయెడల బాగుచేయుట బహు కష్టము. కావున తీగలను సడలించి, ఒక్కసారికి పావు చుట్టు మాత్రమే త్రిప్పుదురు. మనుష్యుల హృదయములు పీట స్క్రూ వంటివి కావు, ఆ మెడలోని నట్టు వంటివి. చెడినదాని స్థానములో మరియొకటి దొరకదు.

కావున ఈ నెలలో ప్రతివాడును ఒక్క పేరు తలంచుకొనుడి. మీ మాటవలన గాని, మన సంఘపు మాటవలన గాని దూరమైనవారి పేరు. మొదట వారికొరకు ప్రార్థించుడి. తరువాత వారి యింటికి పోయి, సలహా లేమియు తీసికొనిపోక, కూర్చుండి వినుడి. పావు చుట్టు చాలును. మిగిలినది మరల ఒకనాడు.

నలిగిన రెల్లును విరువని మన ప్రభువైన యేసుక్రీస్తు మన చేతులకు ఓర్పును, మన నాలుకలకు కొలతను దయచేయును గాక. ఆమేన్.