విడుచుటయా, నిలుచుటయా?

చేయుచున్న కొలువు దుర్భరమైనప్పుడు దానిని విడువవలెనా, ఓర్చి నిలువవలెనా అను ప్రశ్న నేటిది కాదు. అయితే కొన్ని పనులలో ఇది ప్రతినెలయు తలయెత్తుచుండును. నెల్లూరు తీరమున ఇందుకూరుపేట మండలములోని రొయ్యల గుంటల మీది పని అట్టిది. 1990 తరువాత ఈ తీరమున రొయ్యల సాగు వరదవలె వ్యాపించెను. 1994-95లలో తెల్లమచ్చ తెగులు సోకి పంటలు నశించెను. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంతపు సాగునకు కట్టడి విధించెను. 2005లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసెను. 2009లో వనామి రకమునకు అనుమతి లభించిన పిదప గుంటలు మరల నిండెను. ఇన్ని మార్పులలోను యజమాని తన లాభనష్టముల లెక్క వ్రాసికొనెను. కట్టమీది గుడిసెలో రాత్రులు గడుపు పనివాని లెక్క వ్రాసినవారు అరుదు.

ఆ పని ఎట్టిదో తెలియనిదే ధర్మవిచారము చేయరాదు. తెల్లవారుజామున గుంటనీటిలో ప్రాణవాయువు తగ్గును. ఆ వేళ ఏరియేటర్లు ఆగినచో నెలల తరబడి పెంచిన పంట కొద్ది గంటలలో నశించును. కావున ఒకడు మేలుకొని ఉండియే తీరవలెను. పగలు మేత చల్లుట, ట్రేలు పైకెత్తి చూచుట, కట్టలు కాచుట. ఇల్లు దూరము, పండుగకు కూడ సెలవు దొరకుట కష్టము. ఈ కారణముచే వచ్చినవారు నిలువరు. ఇద్దరు వెడలినచో మిగిలినవాడు ముగ్గురి పని చేయవలెను. వాని మనస్సులో రెండు మాటలు పోరాడును. నేనును పోయినచో ఈ పంట ఏమగును? ఉన్నచో నేనేమగుదును?

అట్టివానికి హితము చెప్పువారు గీతలోని పదునెనిమిదవ అధ్యాయమును చూపుట కలదు. దేహక్లేశమునకు భయపడి కర్మను విడుచుట రాజస త్యాగమని భగవానుడు చెప్పెను గదా, ఓర్చుకొనుమందురు. ఈ వాదము సరికాదు. అచ్చట ప్రస్తావము నియతకర్మను గూర్చినది. నిత్యనైమిత్తికములను శ్రమయని మానరాదని తాత్పర్యము. పరుని గుంటపై నెలజీతపు కాపలా ఎవనికిని నియతకర్మ కాజాలదు. ఆలుబిడ్డలను పోషించుట వానికి విధి. ఫలానా గుంటపైననే పోషించుట విధి కాదు. శాస్త్రవాక్యమును పనివానికి సంకెలగా చేయుట పెద్దలకు తగదు.

పనివారు ఏల నిలువరని యజమానియు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. చిత్రకూటమున శ్రీరామచంద్రుడు భరతుని అడిగిన కుశలప్రశ్నలలో ఒకటి, సేనకు అన్నమును జీతమును తగినట్లు, తగిన కాలమున ఇచ్చుచున్నావా అనునది. అవి ఆలస్యమైనచో భృత్యులు ప్రభువుపై కినుక వహింతురనియు, అది గొప్ప అనర్థమనియు ఆ స్వామియే చెప్పెను. తండ్రి మరణవార్త, వనవాసము, పాదుకలు, ఇన్నింటి నడుమ జీతపు మాట మరువని ప్రభువు ఆయన!

విడుచుట ధర్మమైనప్పుడు ఎట్లు విడువవలెనో విభీషణుని చరిత్ర తెలుపును. ఆయన రాత్రివేళ దొంగవలె లంకను వీడలేదు. నిండుసభలో అన్నకు హితము చెప్పెను. అవమానింపబడిన పిమ్మట, అతని ఎదుటనే మాట చెప్పి, నలుగురు అనుచరులతో ఆకాశమున కెగసి సముద్రపు ఆవలి తీరము చేరెను. కుంభకర్ణుడును అన్నను మందలించెను. కాని విడువక పోరి మడిసెను. అతని భ్రాతృప్రేమను లోకము మెచ్చును గాని, శరణాగతికి ఉదాహరణముగ ఆచార్యులు గ్రహించినది విభీషణునే. ఇక భీష్ముడంతటివాడు యుద్ధారంభమున ధర్మరాజుతో, కౌరవుల ధనమునకు కట్టుబడితినని చెప్పుకొనవలసి వచ్చెను. జీతమునకు లోబడి నోరు కట్టుకొనినవాని దైన్యము అంతకంటె స్పష్టముగ మరెక్కడను కానరాదు.

నెల్లూరి రంగనాథుని సన్నిధిని చీటీలు వేసి తేల్చుకొందుమనుకొనువారు కలరు. స్వామిని అడుగుట దోషము కాదు. యజమానితో ఒక్క మాటయైన చెప్పక, ఇంటివారితో ఆలోచింపక, చీటీపై భారము వేయుట శరణాగతి కాదు. సముద్రమును దాటు శ్రమను విభీషణుడు తానే పడెను గదా!

కావున గుంటమీది యువకుడు మొదట తన కష్టమును యజమానికి స్పష్టముగ చెప్పవలెను: ఇంకొక మనిషిని పెట్టుడు, లేదా పట్టుబడి కాగానే నేను వెళ్లెదను అని. ఆ మాట చెప్పినవాడు పంట మధ్యలో, అర్ధరాత్రి యంత్రములను వదలి పోరాదు. అట్లు పోయినచో దెబ్బ తగులునది యజమానికి మాత్రమే కాదు, ప్రక్క గుడిసెలో నిద్రించు తోటివానికిని. అయితే జీతము బిగబట్టినచోట, తడికట్టలపై తెగిన కరెంటు తీగలు పడియున్నను బాగుచేయించనిచోట, పట్టుబడి దాక ఆగవలసిన పని లేదు. అచ్చట తోటివానిని కూడ వెంటబెట్టుకొని, పగటివేళ, చెప్పియే వెడలవచ్చును.