అనుమానం ఖరీదు

ఏదైనా చెడిపోయినప్పుడు మన నోట మొదట వచ్చే ప్రశ్న ‘ఏమైంది?’ అని కాదు, ‘ఎవరు చేశారు?’ అని. ఇంట్లో గాజుగ్లాసు పగిలినా, కుదిరిన సంబంధం తప్పిపోయినా, నడుస్తున్న లారీ నడిరోడ్డు మీద ఆగినా ఇదే వరస. ఈ రెండు ప్రశ్నలనూ ఒకటిగా కలిపేయడంలో ఎంత అన్యాయం దాగి ఉందో మా చిద్రిలో ఒక పాత లారీ పక్కన నిలబడి ఆలోచించవలసి వచ్చింది.

లారీ మా తమ్ముడిది. నాలుగు సిలిండర్ల పాత డీజిలు బండి. బీదరు నుంచి కందులు, శనగలు ఎత్తుకుని జహీరాబాదు, హైదరాబాదు పోయి వస్తుంటుంది. కొన్నాళ్ళుగా పొద్దున స్టార్టు చేస్తే ఇంజను మిస్సింగు కొట్టేది. నిలబెట్టి ఉంచితే గడగడ వణికేది. లోడుతో చడావు ఎక్కుతుంటే దమ్ము తగ్గి ఆగిపోయేది. చేతిపంపు నాలుగుసార్లు కొడితే మళ్ళీ కదిలేది.

ఇంటి ముందు చేరిన వాళ్ళందరూ ఒకే మాట అన్నారు: డ్రైవరు డీజిలు అమ్ముకుని కిరోసిను కలిపాడని. అతను ఉద్గీరు వైపు నుంచి వచ్చిన మరాఠీ కుర్రవాడు. పనిలో చేరి మూడు నెలలు కాలేదు. తానేమీ కలపలేదని వచ్చీరాని తెలుగులో చెప్పుకున్నాడు. మర్నాడే పనిలోంచి తీసేస్తానన్నాడు మా తమ్ముడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నట్టుంది వ్యవహారం. ఆ కుర్రవాడికి పోయేది ఈ ఒక్క కొలువే కాదు. దొంగ అన్న పేరు ఒకసారి బజారున పడితే ఇంకెవరూ అతని చేతికి బండి ఇవ్వరు.

మన తర్కశాస్త్రంలో కొండ మీది పొగ అందరికీ తెలిసిన ఉదాహరణ. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. పొగ కనబడితే నిప్పు ఉందనవచ్చు. కాని నిప్పు ఉన్న చోటల్లా పొగ ఉంటుందనకూడదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంది, పొగ లేదు. అలాగే కల్తీ డీజిలు పోస్తే ఇంజను ఆగవచ్చు. అంతమాత్రాన ఆగిన ప్రతి ఇంజనులోనూ కల్తీ ఉందని చెప్పడానికి వీల్లేదు. ఫిల్టరు మూసుకుపోయినా ఆగుతుంది. ట్యాంకు మూతలోని గాలిరంధ్రం పూడిపోయినా ఆగుతుంది. నాజిళ్ళు సరిగా చల్లకపోయినా, పైపులోకి గాలి చేరినా అంతే. లక్షణం ఒకటి, కారణాలు పది.

మా వీధి చివర షెడ్డులో పనిచేసే పెద్దమేస్త్రి దక్కనీలో తప్ప మాట్లాడడు. తర్కశాస్త్రం పేరు కూడా విని ఉండడు. ఆయన ఎవరి మాటా వినకుండా, ఇంజను నడుస్తుండగా నాజిళ్ళకు పోయే పైపుల నట్లను ఒక్కొక్కటిగా వదులు చేసి మళ్ళీ బిగించాడు. ఏ నట్టు వదులు చేస్తే శబ్దం మారదో ఆ సిలిండరు పని చేయడం లేదన్నమాట. నాలుగింటికీ శబ్దం ఒకే తీరుగా మారింది. కనుక జబ్బు ఏ ఒక్క సిలిండరుదీ కాదు, నాలుగింటికీ డీజిలు వచ్చే దారిది.

తరువాత ఆ ట్యాంకులోంచే, నిందపడిన ఆ డీజిలునే, ఒక డబ్బాలోకి తీశాడు. డబ్బాను ఎత్తున కట్టి, పాత పైపు విప్పి, వేరే రబ్బరు గొట్టంతో దాన్ని ఫీడుపంపుకు కలిపాడు. గాలి తీసి స్టార్టు చేస్తే ఇంజను అరగంట సేపు నిలకడగా నడిచింది. డీజిలు అదే, మారింది దారి మాత్రమే. ఒకవేళ అప్పుడు కూడా ఆగి ఉంటే? డీజిలు చెడ్డదో, పంపు నుంచి ముందున్నదేదో చెడిందో అని తేలేది. అప్పటికీ కుర్రవాడు కలిపాడని తేలేది కాదు.

చివరికి ట్యాంకుకూ ఫీడుపంపుకూ మధ్య పైపు ఛాసిస్‌కు ఒరుసుకుని క్లిప్పు కింద సన్నగా చిట్లి కనిపించింది. పంపు పీల్చే వైపున పైపులో ఒత్తిడి బయటి గాలి కన్నా తక్కువగా ఉంటుంది. అందుకని డీజిలు బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. తడి మరక లేదు కనుక ఎవరి కంటా పడలేదు. రాత్రంతా బండి నిలబడితే పైపులోని డీజిలు వెనక్కి జారేది. పొద్దున మిస్సింగుకు అదే కారణం.

ఇది పాత బండ్ల సంగతి. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బి.ఎస్.6 లారీలలో ఇలా నట్లు వదులు చేయకూడదు. అక్కడి ఒత్తిడికి డీజిలు చర్మాన్ని చీల్చుకుపోతుంది. వాటికి స్కానరు పెడతారు. అయితే ఒత్తిడి తగ్గిందని స్కానరు చెప్పినా, ఎందుకు తగ్గిందో మనిషే వెతకాలి. యంత్రం చెప్పేది సాక్ష్యం, తీర్పు కాదు.

ఇంతమందికి మొదట ఆ కుర్రవాడే ఎందుకు గుర్తొచ్చాడు? పంపు విప్పించి కాలిబ్రేషనుకు పంపితే వేలు ఖర్చవుతాయి. డ్రైవరును మార్చడానికి పైసా ఖర్చు లేదు. నీరు పల్లానికి పారినట్టు మన అనుమానం మనకు నష్టం తక్కువ ఉన్న వైపుకే పారుతుంది. కొత్తవాడు, బీదవాడు, మన భాష రానివాడు ఆ పల్లంలో ఉంటాడు. పరభాషల నడుమ బతికే మనకు ఆ పల్లం ఎలా ఉంటుందో తెలియనిది కాదు. తెలిసీ మరొకణ్ణి అందులో నిలబెట్టడమే విచారించవలసిన విషయం.

బీదరుకు ఇది కొత్త కథ కాదు. 1472లో ఇక్కడ మదరసా కట్టించిన మహమూద్ గవాన్ ఇరాన్‌లోని గిలాన్ నుంచి వచ్చిన పరదేశి. గిట్టనివాళ్ళు అతని ముద్ర ఉన్న కాగితం మీద ఒరిస్సా రాజుకు రాసినట్టు దొంగ ఉత్తరం పుట్టించారు. 1481లో మూడో మహమ్మద్ షా విచారణ లేకుండానే అతన్ని చంపించాడు. నిజం తెలిశాక పశ్చాత్తాపపడ్డాడంటారు. వదులు చేసిన నట్టును మళ్ళీ బిగించవచ్చు గాని, తీసిన తలను అతికించలేం. వెనక్కి తీసుకోగల పని ముందు, తీసుకోలేని పని చిట్టచివర. మేస్త్రి పాటించిన ఈ వరసను సుల్తాను తలకిందులు చేశాడు.

రోజు కిరాయి పోతుంటే, నెలకంతు మీద పడుతుంటే తీరిగ్గా పరీక్షలు ఎవరు చేస్తారని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాని డ్రైవరును పంపేసినా బండి మర్నాడు మళ్ళీ ఆ చడావు మీదనే ఆగేది. తొందరపాటు వల్ల కలిసి వచ్చే కాలం ఏమీ లేదు.

పైపు మార్చారు, బండి నడుస్తోంది. పదిమంది ముందు వేసిన నింద తప్పని తెలిసింది మాత్రం ముగ్గురికే. ఆ మాట మిగతావాళ్ళకు చెప్పవా అని అడిగితే, “తాళం చేతికిచ్చిన గదా అన్నా, ఇంకేం జెప్పాలె?” అన్నాడు మా తమ్ముడు. తాళం ఇస్తే కొలువు తిరిగి వస్తుంది, పేరు రాదు. నింద ఎంత గొంతుతో వేశామో, అది తప్పన్న మాట కూడా అంత గొంతుతో, ఆ మనుషుల ముందే చెప్పాలి. ఆ పని నిందపడ్డవాడికి వదిలేయడం రెండో అన్యాయం.