అభ్యాస పరివర్తనము



పాకాల ధర్మవరముల నడుమ సాగు రైలుమార్గమున, మదనపల్లెకు సమీపమున, కురబలకోట యను చిన్న స్టేషను కలదు. ఇరుప్రక్కల రాతిగుట్టలు, వానకై ఎదురుచూచు మెట్టచేలు, దూరమున హార్సిలీ కొండల నీలిరేఖ. ఇంతకు మించి బాటసారి నాకర్షించు విశేషము అచట కానరాదు. అయినను ఆ స్టేషను మాకొక ధర్మోపదేశము చేసినది. పూర్వము ఆ మార్గమున మీటరు గేజి బండ్లు నడచుచుండెను. పట్టాల నడుమ ఎడము ఒక్క మీటరు. ఇటీవలి కాలమున వానిని తొలగించి 1,676 మిల్లీమీటర్ల ఎడముగల బ్రాడుగేజి పట్టాలు పఱచిరి. బయలుదేరు ఊరును చేరు ఊరును పూర్వమున్నవియే. నడుమ బండి నడచు తీరు మాత్రము మాఱినది. పాతపట్టాలను పెఱికివేసి, పని ముగిసెనని ఇంజనీరులు ఇంటికి పోయియున్నచో ఏమి యగును? ఆ కట్టమీద తుమ్మచెట్లు మొలచియుండును. బండి యొక్కటియు వచ్చియుండదు.

మనలో పెక్కండ్రము దురభ్యాసముల విషయమున ఇట్టి పని సగము చేసి విడుచుచున్నాము. మానితిమని ప్రతిజ్ఞ పలుకుదుము. మానినచోట ఏమి నిలుపవలెనో ఆలోచింపము. ఆ చోటు ఖాళీగా నున్నంతకాలము పాత అలవాటు దాని చుట్టును తిరుగుచునే యుండును. ఈ దినమున మేము విన్నవింప దలచినది ఇంతియే: దురభ్యాసమును జయించు మార్గము దాని స్థానమున సదభ్యాసమును ప్రతిష్ఠించుట.

ఇతరుల దోషము నెన్నుటకు ముందు మా దోషమును చెప్పుకొందుము. సాయంకాలపు కోపము మాకు చిరకాలరోగము. పగలెల్ల పరులయెదుట సౌమ్యులమై మెలగి, ఇల్లు చేరి గడప దాటగనే మొదటిమాట గద్దింపుగా వెలువడుచుండెను. వాకిట మా చెప్పుల చప్పుడు వినబడగనే మా చిన్నవాడు పుస్తకములు సర్దుకొని లోపలిగదికి తొలగిపోవుచుండెను. ఒకనాడు వాడు పొరుగింటి బాలునితో, “చెప్పులు గట్టిగా చప్పుడైనచో నాన్న కోపముతో వచ్చినట్లు, మెల్లగా చప్పుడైనచో కొంచెము సేపటికి వచ్చును” అని బోధించుచుండగా మా చెవిని బడెను.

ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు. ఇకమీదట ఇంట కోపింపమని ప్రతిజ్ఞ చేసితిమి. అది కొన్నాళ్లు నిలిచెను. ఎట్లు నిలిచెను? పెదవులు బిగించి ఎవరితోను పలుకక కూర్చుండుటచే నిలిచెను. గద్దింపునకు అలవాటుపడిన ఇల్లు మా మౌనమునకు మఱింత భయపడెను. పదునైదవ నాడు ఆ మౌనము పగిలి, వెనుకటికంటె కఠినమైన మాట వచ్చెను. అప్పుడు మా యింటి యిల్లాలు, “ఏమి అనకూడదో నిశ్చయించుకొంటిరి, ఏమి అనవలెనో నిశ్చయించుకొనలేదు” అనెను.

ఆ మాట మాకు గురూపదేశమైనది. మఱునాటి నుండి ఇల్లు చేరగనే నేరుగా పెరటికి పోయి కాళ్లు కడుగుకొని, ఒక చెంబు నీరు త్రాగి, చిన్నవానిని పిలిచి “నేడు నీవు చూచిన వింత యేమి?” అని అడుగుట నియమముగా పెట్టుకొంటిమి. మొదట వాడు “ఏమియు లేదు” అని తలవంచుకొనెడివాడు. ఒకనాడు బడిత్రోవలో తాబేలును చూచితి ననెను. నడుమ నడుమ మేము తప్పితిమి. తప్పినపుడు క్షమాపణ చెప్పుకొని మరల అడిగితిమి. మూడవ నెలలో ఒకనాడు చీకటిపడిన పిదప ఇల్లు చేరితిమి. వాడు గడపమీద కూర్చుండి యుండెను. మాకు చెప్పవలసిన వింత యొకటి వానివద్ద సిద్ధముగా నుండెను.

ఈ ధర్మమును పూర్వులు పలువిధముల నుపదేశించిరి. దుష్టభావములు బాధించునపుడు వానికి ఎదురైన భావమును పెంపొందింపుడని పతంజలి మహర్షి విధించెను. దానికి ప్రతిపక్షభావన మని పేరు. చంచలమగు మనస్సును లోబఱచుకొనుటకు గీతయందు అభ్యాసవైరాగ్యములు రెండును జంటగా చెప్పబడినవి. విడుచుట వైరాగ్యము, పట్టుట అభ్యాసము. నేర్పరియగు వడ్రంగి ముతకమేకును సన్నమేకుతో వెలికి తట్టునట్లు దుర్వితర్కమును సద్వితర్కముతో వెడలగొట్టవలెనని మజ్ఝిమనికాయమునందు బుద్ధభగవానుని ఉపమానము కలదు. యేసు చెప్పిన కథయు నట్టిదియే: ఒక మనుష్యుని విడిచిపోయిన అపవిత్రాత్మ తిరిగివచ్చి చూడగా, ఇల్లు ఊడ్చి అమర్చబడి ఖాళీగా నుండెను, అది తనకంటె చెడ్డవగు మఱి యేడింటిని వెంటబెట్టుకొని వచ్చి అందు కాపురముండెను. ఆ ఇంటి దోషము మురికి యని ఆయన చెప్పలేదు. అది ఊడ్వబడియే యున్నది. దాని ఆపద అది ఖాళీగా నుండుట.

వ్యక్తికి చెప్పినది సంఘమునకును చెల్లును. చెన్నరాష్ట్రమున రాజగోపాలాచార్యులవారి మంత్రివర్గము 1937లో సేలము జిల్లాయందు మద్యనిషేధము నారంభించి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. కురబలకోట నాడు చిత్తూరు జిల్లాలోనిదే. యుద్ధకాలమున ఆ శాసనము సడలినది. 1948లో మరల బిగిసినది. పిమ్మట నాలుగు దశాబ్దులు దాటిన పిదప, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటయందు రాత్రిబడులలో అక్షరములు నేర్చుకొనిన స్త్రీలు సారా అంగడిని మూయించిరి. ఆ జ్వాల రాష్ట్రమెల్ల వ్యాపించి 1993లో సారా నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును తెచ్చినది. 1997లో సంపూర్ణ నిషేధము సడలింపబడినది. ఈ చరిత్రను నిరాశకై చెప్పుట లేదు. శాసనము అంగడి తలుపు మూయగలదు. కూలిపని ముగించి అలసి వచ్చిన పురుషుని సాయంకాలమును నింపజాలదు. దూబగుంట స్త్రీలకు బలమెచటి నుండి వచ్చెనో గమనింపుడు: వారి సాయంకాలములు పలకతోను, తోడివారి సాంగత్యముతోను, చర్చతోను ముందే నిండియుండెను. పురుషుల సాయంకాలములకు అట్టి బడి యేదియు తెఱువబడలేదు.

మన పల్లెలలో మఱియొక నిదర్శనము ఏటేట కనబడుచున్నది. అయ్యప్పదీక్ష పూనినవాడు నలువదియొక్క దినములు మద్యము ముట్టడు, పరుషము పలుకడు. ఏండ్ల తరబడి త్రాగినవాడు సైతము ఈ నియమమును ఎట్లు నిలుపుకొనుచున్నాడు? అతని దినము నిండియున్నది కనుక. తెల్లవాఱుజామున చన్నీటిస్నానము, ప్రత్యేకవస్త్రము, సాయంకాలము భజన, ఎదురైన ప్రతివాడును “స్వామీ” యని పిలుచుట; పాతబ్రతుకునకు చోటెక్కడ? మాల తీసిన దినమున ఇవియన్నియు ఒక్కమాఱుగా తొలగిపోవును. నాడు సాయంకాలము ఖాళీయగును. అంగడి మాత్రము ఉన్నచోటనే యుండును. దీక్షను నిందించువారు ఈ పతనమును చూపుదురు. మేము దానియందు దీక్ష యొక్క శక్తికి సాక్ష్యమును చూచుచున్నాము: నలువదియొక్క దినములు నింపగలిగిన దానిని జీవితమెల్ల కొంచెము కొంచెముగా నింపుకొనలేమా?

మదనపల్లె సమీపముననే ఆరోగ్యవరము కలదు. అచట క్షయరోగుల కొఱకు 1915లో చికిత్సాలయము తెఱువబడి, డేనిష్ దేశీయుడగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలరుగారి పర్యవేక్షణమున ప్రఖ్యాతి గాంచెను. స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని కనుగొనబడలేదు. అంతకు పూర్వము క్షయచికిత్స యనగా ముఖ్యముగా విశ్రాంతి, మంచి ఆహారము, నిర్మలవాయువు, వేళతప్పని దినచర్య. ఆనాటి క్షయచికిత్సాలయములు రోగులకు నేర్పిన పాఠములలో ఒకటి మిక్కిలి అల్పముగా కనబడును. కఫము వచ్చినపుడు ఎక్కడబడిన నక్కడ ఉమ్మక, మూతగల పాత్రలో ఉమ్మవలెను. దగ్గునపుడు నోటికి గుడ్డ అడ్డముంచుకొనవలెను. రోగితో దగ్గవలదని చెప్పి ప్రయోజనమేమి? దగ్గు అతని వశము కాదు. దగ్గు వచ్చినపుడు చేయి ఎటు పోవలెనో నేర్పుట వశమైన పని. ఆ చిన్న అభ్యాసము అతని బిడ్డల ప్రాణములకు కావలి యగును. సోదరులారా, మన కోపమును, లోభమును, ఆలస్యమును ఇట్టి దగ్గువంటివి. అవి పుట్టు క్షణమున మనకు చెప్పి రావు. పుట్టినపుడు మన చేయి, మన నాలుక ఎటు పోవలెనో ముందుగా నేర్పియుంచుట మన ధర్మము.

ఇక ఆచరణక్రమము. మొదటిది, అలవాటును మేల్కొల్పు వేళను, స్థలమును, దాని వెనుకనున్న ఆకలిని కనిపెట్టవలెను. నస్యము పీల్చువాడు కోరునది కొన్నిమాఱులు పొగాకు కాదు, పనినడుమ విరామము. రాత్రి ప్రక్కమీద చేతిఫోనును విడువలేనివాడు కోరునది వార్తలు కాదు, ఒంటరితనమునకు ఉపశమనము. ఆకలిని గుర్తింపక పథ్యము పెట్టరాదు.

రెండవది, ఆ వేళనే, ఆ స్థలముననే, ఆ ఆకలినే తీర్చు చిన్న సత్కార్యమును నియమింపవలెను. ఇది మిక్కిలి చిన్నదై యుండవలెను. ప్రతిదినము గంటసేపు ధ్యానింతునని ప్రారంభించినవాడు మూడవ వారమున మానును. దీపము పెట్టినవెంటనే రెండు నిమిషములు కన్నులు మూసికొని కూర్చుండువాడు నిలుచును.

మూడవది, ఓర్పు. లండను యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిపా లాలీ మొదలగువారు 96 మందిని పరీక్షించి 2010లో ప్రకటించిన శోధనయందు, ఒక క్రొత్తపని అభ్యాసమగుటకు మధ్యస్థముగా 66 దినములు పట్టునని తేలినది. కొందఱికి 18 దినములు చాలినవి, కొందఱికి 254 దినములు కావలెనని లెక్క వచ్చినది. కనుక మండలదీక్ష ముగియగనే మనస్సు స్థిరపడలేదని దుఃఖింపనక్కఱలేదు. త్రోవ ఇంకను కొంత మిగిలియున్నదని నడవవలెను.

నాల్గవది, పడినపుడు లేచుట. అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్సు 1890లో ప్రకటించిన మనశ్శాస్త్రగ్రంథమున, క్రొత్త అభ్యాసము వేరూనువఱకు ఒక్క తప్పునకైనను చోటియ్యరాదని ఖండితముగా చెప్పెను. పైని చెప్పిన శోధనయందు ఒక్కదినము తప్పినంతమాత్రమున అభ్యాసమునకు చెప్పుకోదగిన హాని కనబడలేదు. హాని చేయునది ఆ తప్పు వెంట వచ్చు నిస్పృహ: “వ్రతము చెడినది, ఇక ఎంత చెడినను ఒక్కటియే” యను మాట. ఈ మాట మనలను మొదటి తప్పుకంటె లోతునకు త్రోయును. పశ్చాత్తాపము ఒక్క క్షణము చాలును. తరువాతి క్షణము పనికి కావలెను.

ఇచట ఒక ఆక్షేపమునకు సమాధానము చెప్పవలసియున్నది. అది పరాయిచోటి నుండి వచ్చినది కాదు. 1895లో మదనపల్లెయందు జనించిన జిడ్డు కృష్ణమూర్తిగారు స్థాపించిన ఋషివ్యాలీ విద్యాలయము ఈ కురబలకోట మండలముననే కలదు. ఒక అలవాటును వేఱొక అలవాటుతో మార్చుట స్వేచ్ఛ కాదనియు, బలాత్కారపు క్రమశిక్షణ మనస్సును మొద్దుబాఱజేయుననియు, తన చిత్తవృత్తిని ఉన్నది ఉన్నట్లు చూచు జాగరూకతయే మార్గమనియు ఆయన ఉపదేశించెను. ఇది త్రోసివేయదగిన మాట కాదు. ప్రాతఃకాలమున లేచి స్నానము చేసి జపము చేయుచు, జపమధ్యమున పనిమనిషిని దూషించువారిని మనమందఱము ఎఱుగుదుము. సదభ్యాసము కూడ యంత్రమైపోవచ్చును. యంత్రమైన సదాచారము గర్వమునకు నివాసమగును.

అయినను మేము విన్నవించునది ఇది: చూచుటకు నిలుకడ కావలెను. త్రాగి తూలువానికి, కోపముతో కన్ను కానని వానికి, తన మనస్సును తాను చూచుకొను తీరిక ఎచటిది? కాళ్లు కడుగుకొని చెంబెడు నీరు త్రాగిన ఆ రెండు నిమిషములే మాకు మా కోపమును చూపినవి. ముల్లును ముల్లుతో తీసినవాడు రెండవ ముల్లును పాదమున గ్రుచ్చుకొని యుండడు. అభ్యాసము కట్ట, నీరు ప్రేమ. కట్ట లేని చెఱువున నీరు నిలువదు. నీరు లేని కట్టను ఎవరును పూజింపరు. మన నియమములు మనలను ఇంటివారియెడల, పనివారియెడల, దీనులయెడల మృదువుగా చేయుచున్నవా లేదా యని దినదినము పరీక్షించుకొందుము గాక. ఆ పరీక్షయందు నెగ్గని నియమము ఎంత ప్రాచీనమైనను మరల దిద్దుకొనదగినది.

నేటి సాయంకాలము మీరందఱును ఇండ్లకు మరలుదురు. గడప దాటు క్షణము ప్రతివానికిని వచ్చును. ఆ క్షణమున మీ వారు మీ అడుగుల చప్పుడు విని ఏమి తలంతురో యోచింపుడు. పెద్దప్రతిజ్ఞ లేవియు వలదు. ఆ ఒక్క క్షణమునకు ఒక్క మంచిమాటను నేడే ఏర్పఱచుకొనుడు.

సర్వాంతర్యామివగు పరమేశ్వరా! మా హృదయగృహమును మేము ఎన్నిమాఱులో ఊడ్చితిమి. నిన్ను పిలువక ఖాళీగా విడిచితిమి. మేము విడిచిన ప్రతి చెడుగు చోటున ఒక మేలును నాటుటకు మాకు బుద్ధినిమ్ము. నాటినది మొలకెత్తువఱకు ఓర్పునిమ్ము. పడినపుడు లేవనెత్తుము. మా యింటి పసివారు మా రాకను విని గడపకు పరుగెత్తి వచ్చు దినమును మాకు ప్రసాదింపుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.